పాత పెట్టె, పాఠాంతరాలు

తొంభైల మొదట్లో అసెంబుల్ చేసిన డెస్క్‌టాప్ కంప్యూటర్లకి ముందువైపు రెండు మూడు అంకెలు పట్టే చిన్న డిస్‌ప్లే ఒకటి ఉండేది. దాని పక్కన టర్బో బటన్. నొక్కితే 33 అనో 66 అనో వెలిగేది, మళ్ళీ నొక్కితే ఏ 8కో 16కో పడిపోయేది. ప్రాసెసర్ వేగం మెగాహెర్ట్జ్‌లలో అన్నమాట. బండి స్పీడోమీటరు చూసినట్టు చూసేవాళ్ళం దాన్ని. నిజానికి ఆ డిస్‌ప్లే దేన్నీ కొలిచేది కాదు. దాని వెనకాల చిన్న బోర్డు మీద జంపర్లుండేవి. ఏ గీత వెలగాలో, బటన్ నొక్కితే ఏది ఆరిపోవాలో పెట్టె బిగించిన కుర్రాడు ఆ జంపర్లతో నిర్ణయించేవాడు. 33 మెగాహెర్ట్జ్ యంత్రానికి 99 అని పెట్టినా యంత్రం కాదనదు.

పాత కంప్యూటర్ల వివరాలు వెతికేవాళ్ళు మొదట గుర్తుపెట్టుకోవలసింది ఇదే అనుకుంటాను. పెట్టె మీద ఒక అంకె ఉందంటే ఎవరో దాన్ని అక్కడ పెట్టారు. ఎవరు, ఎప్పుడు, ఎవరి కోసం పెట్టారో తెలిసేదాకా అది వట్టి అంకె.

నాకు ఈ వెతుకులాటతో పని పడింది మా తెలుగు మాస్టారి వల్ల. ఆయన పోయిన ఏడాదికి వాళ్ళమ్మాయి ఫోన్ చేసింది. మాస్టారు రిటైరయ్యాక చాలా ఏళ్ళు కృష్ణా పశ్చిమ డెల్టాలో, కొమ్మమూరు కాలువ వెంట తిరిగి, ఒకప్పుడు సరుకు పడవలు నడిపినవాళ్ళ మాటలు పోగుచేశారు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి మాండలిక వృత్తి పదకోశం, 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వేసిన వ్యవసాయ పదాల సంపుటం, ఆయన బల్ల మీద ఎప్పుడూ ఉండేది. “పడవలు ఎలాగూ ఆగిపోయాయిరా, మాటలు ఇంకో పాతికేళ్ళుంటాయేమో” అనేవారు. రాసుకున్న కార్డుల్ని చెదలు తినేశాయి. అంతకుముందే వాటిని కంప్యూటర్లో ఎక్కించారు కాబట్టి, మిగిలిన ప్రతి ఏదైనా ఉంటే అది అటక మీదున్న ఆ 486లోనే ఉండాలి.

“అన్నయ్యా, షాపులో చూపించాం. డిస్కు పోయిందన్నారు. ఫార్మాట్ చేస్తే మళ్ళీ పనిచేస్తుందట. చెయ్యమనమంటావా?” అని అడిగింది.

“వద్దమ్మా. ఫార్మాట్ కాదు కదా, కరెంటు కూడా పెట్టనివ్వకు. నేనొస్తున్నాను” అన్నాను.

ఆ పెట్టెకి మాన్యువల్ లేదు. మదర్‌బోర్డు మీద కంపెనీ పేరు లేదు. ముందువైపు డిస్‌ప్లే మాత్రం ఉంది. అంచేత పని మొదలుపెట్టడానికి ముందు తేలాల్సిన ప్రశ్న ఒకటే: అసలు ఈ యంత్రం ఏమిటి?

పేరున్న యంత్రానికే ఇది తేలిక ప్రశ్న కాదు. ఐబీఎం పీసీని తీసుకోండి. 1981 ఆగస్టు 12న ప్రకటించారు, ఇంటెల్ 8088 ప్రాసెసర్, 4.77 మెగాహెర్ట్జ్. ఇంతవరకూ గొడవ లేదు. దానికి మెమరీ ఎంత అంటే మటుకు ఒక చోట 16 కేబీ, ఒక చోట 64, ఇంకో చోట 256 అని కనిపిస్తుంది. మూడూ సరైనవే. అన్నింటికంటె చవక మోడల్ 16 కేబీతో అమ్మారు. మొదటి మదర్‌బోర్డు మీద 64 దాకా పట్టేది. 1983లో వచ్చిన రెండో మదర్‌బోర్డు మీద 256 దాకా పట్టేది. పోనీ, దానికి హార్డ్ డిస్క్ తగిలించవచ్చా? లోపలున్న బయాస్ తేదీ 1981 ఏప్రిల్ 24 గానీ అక్టోబరు 19 గానీ అయితే కుదరదు, విస్తరణ కార్డు మీదున్న రోమ్‌ని వెతికి చదవడం వాటికి రాదు. తేదీ 1982 అక్టోబరు 27 అయితే కుదురుతుంది. కుదిరినా, ఆ పెట్టెలో పవర్ సప్లయ్ 63.5 వాట్లే. 1983లో పది మెగాబైట్ల డిస్కుతో వచ్చిన ఎక్స్‌టీకి ఐబీఎం 130 వాట్లు పెట్టింది. ఒకటే పేరు, ఒకటే రేకు డబ్బా, లోపల వేరువేరు యంత్రాలు. “ఐబీఎం పీసీ స్పెసిఫికేషన్లు” అని ఒకే పట్టికలో రాసేస్తే ఆ పట్టిక వర్ణించే యంత్రం బహుశా ఏ ఫ్యాక్టరీ నుంచీ బయటికి వచ్చి ఉండదు.

ఇది పాత కావ్యాలు పరిష్కరించేవాళ్ళకి బాగా తెలిసిన చిక్కే. రెండు తాళపత్ర ప్రతుల్లో పాఠం తేడాగా ఉంటే రెండూ కలిపి మూడోది వండకూడదు. సి.పి. బ్రౌన్ పండితుల్ని పెట్టి ప్రతులు తెప్పించి ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూపించింది అందుకే. మరొకటి కూడా ఉంది. పది ప్రతుల్లో ఒకే పాఠం ఉన్నంత మాత్రాన అది పది సాక్ష్యాలవదు. ఆ పదీ ఒకే తల్లి ప్రతి నుంచి ఎత్తి రాసినవైతే, ఉన్నది ఒక్క సాక్ష్యమే. పాత కంప్యూటర్ల పట్టికల్లో ఇది నిత్యం జరుగుతుంది. ఒకరు తప్పు రాస్తారు, మిగతావాళ్ళు ఆ తప్పుని అక్షరం పొల్లుపోకుండా ఎత్తి రాస్తారు. కొన్నాళ్ళకి అన్ని చోట్లా అలాగే ఉంది కదా అని అదే నిజమైపోతుంది.

మరి దేన్ని నమ్మాలి? నాకు అర్థమైనంతలో, కారణంతో సహా వచ్చే అంకెని నమ్మొచ్చు. ఐబీఎం పీసీ వేగం 4.77 అనే నేను నమ్మడం పది పుస్తకాల్లో చూసినందుకు కాదు. ఆ బోర్డు మీద 14.31818 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఉంటుంది. అమెరికా కలర్ టీవీ సిగ్నల్‌కి కావలసిన 3.579545కి అది సరిగ్గా నాలుగు రెట్లు. దాన్ని మూడుతో భాగిస్తే ప్రాసెసర్‌కి 4.77 వస్తుంది. పన్నెండుతో భాగిస్తే టైమర్‌కి 1.193 వస్తుంది. దాన్ని మళ్ళీ 65,536తో భాగిస్తే సెకనుకి 18.2. డాస్ కాలంలో ప్రోగ్రాములు రాసినవాళ్ళకి ఈ 18.2 ఎక్కడో తగిలే ఉంటుంది. ఒక అంకెని లాగితే నాలుగు అంకెలు కదులుతున్నాయి. ఇలాంటి అంకెని ఎవరో మర్చిపోయి తప్పుగా రాసినా లెక్కే పట్టిస్తుంది. పైగా ఐబీఎం ఆ యంత్రానికి టెక్నికల్ రిఫరెన్స్ అని ఒక పుస్తకం వేసి సర్క్యూట్ బొమ్మలూ, బయాస్ ప్రోగ్రామూ మొత్తం అచ్చువేసింది. అనుమానం వస్తే మూలం తెరిచి చూసుకోవచ్చు.

మన ఊళ్ళలో వాడిన యంత్రాల్లో చాలావాటికి అలాంటి మూలగ్రంథం లేదు. బోర్డు ఒకచోటిది, డబ్బా ఒకచోటిది, డిస్కు ఒకచోటిది. బోర్డుతో వచ్చిన పల్చటి పుస్తకం షాపులోనే ఉండిపోయేది. కొన్నవాళ్ళ దగ్గర మిగిలేది కొటేషన్ కాగితం. అమ్మకం కోసం రాసిన కాగితం అది, అందులో అంకెలు ఎప్పుడూ నిండుగానే ఉంటాయి. నార్టన్ ఎస్‌ఐ లాంటి ప్రోగ్రాములతో “ఎక్స్‌టీకి ఇన్ని రెట్లు” అని చూపించేవాళ్ళు. ఎక్స్‌టీతో పోలిక అది, మెగాహెర్ట్జ్ కాదు. కానీ కాగితం మీదికి ఎక్కాక ఆ తేడా ఎవరికి గుర్తుంటుంది?

ప్రాసెసర్ పేర్లూ అంతే. సైరిక్స్ 6ఎక్స్86 పీ200+ నడిచేది 150 మెగాహెర్ట్జ్ మీద. ఏఎండీ 5ఎక్స్86 పీ75 నడిచేది 133 మీద. మొదటి దాంట్లో పేరు వేగం కంటె పెద్దది, రెండో దాంట్లో చిన్నది. రెండు పేర్లూ ఇంటెల్ పెంటియంతో పోలిక చెప్పేవే. 386 ఎస్‌ఎక్స్ ఎన్ని బిట్ల ప్రాసెసర్ అంటే లోపల 32, బయటి దారి 16. ఏది రాసినా సగమే నిజం. 486 ఎస్‌ఎక్స్‌కి లెక్కల సాయం కోసమని అమ్మిన 487 ఎస్‌ఎక్స్‌ది మరీ చిత్రం. దాని లోపల ఉన్నది పూర్తి 486 డీఎక్స్. అది వచ్చి కూర్చోగానే పాత ప్రాసెసర్‌ని పక్కన పెట్టి మొత్తం పని తనే చేసుకునేది.

కాగితాలు ఇంత గడసరివి కాబట్టి చివరికి వస్తువునే చదవాలి. చిప్‌ల మీద సాధారణంగా నాలుగంకెల తేదీ ఉంటుంది, మొదటి రెండూ సంవత్సరం, తరవాతి రెండూ వారం. 9411 అంటే 1994లో 11వ వారం, మార్చి నడిమి రోజులు. బోర్డు మీదున్న చిప్‌లన్నిటి తేదీలూ రాసుకుంటే, అన్నింటికంటె చివరిది ఏదో దానికి ముందు ఆ బోర్డు తయారై ఉండదు. ఇందులోనూ పప్పులో కాలేసే చోటుంది. 7432 అని కనిపిస్తే 1974లో 32వ వారం అనుకోకూడదు. అది ఆ చిప్ రకం పేరు, నాలుగు ఆర్ గేట్లుండే మామూలు చిప్. తేదీ దాని పక్కనో కిందో వేరే ఉంటుంది. మెమరీని కూడా పాత బోర్డుల మీద వేలు పెట్టి లెక్కించవచ్చు. 4164 చిప్‌లు తొమ్మిది వరసగా ఉంటే 64 కేబీ. ఎనిమిది సమాచారానికి, తొమ్మిదోది తప్పు పట్టడానికి. క్రిస్టల్ మీది అంకె చదివేటప్పుడు మాత్రం భాగహారం తెలిసుండాలి. టర్బో ఎక్స్‌టీలో 24 అని ఉంటే ప్రాసెసర్ వేగం 8. 386లో 66 చిల్లర ఉంటే 33.

వస్తువు కూడా అబద్ధమాడిన రోజులు లేకపోలేదు. తొంభైల నడుమ కొన్ని 486 బోర్డుల మీద క్యాష్ మెమరీ చిప్‌లని పెట్టినవి ఖాళీ ప్లాస్టిక్ ముక్కలు. లోపల సిలికాన్ లేదు, కాళ్ళు మాత్రం ఉన్నాయి. బూటయ్యేటప్పుడు తెర మీద క్యాష్ ఉన్నట్టే వచ్చేది. అందుకని చదివినదాన్ని కూడా ఇంకోదానితో సరిచూసుకోవాలి.

మాస్టారి పెట్టె తెరిచాను. కీలకమైన మొదటి సంగతి: పీపా ఆకారంలో ఉండే నికెల్ కాడ్మియం బ్యాటరీ కారి, చుట్టూ పచ్చగా చిలుము పట్టి ఉంది. బ్యాటరీ చచ్చిపోతే బయాస్ తన జ్ఞాపకాలన్నీ మర్చిపోతుంది. డిస్కు వివరాలూ అందులోనే. చిప్‌ల మీద చివరి తేదీ 9411. ప్రాసెసర్ 486 డీఎక్స్2-66, దాని మీదే రాసుంది. డిస్‌ప్లే కూడా 66కే పెట్టి ఉంది, అంటే బిగించినవాడు నిజాయితీపరుడే. పక్కనున్న జంపర్ల వరసని నేను ముట్టుకోలేదు. ఆ కాలపు బోర్డుల్లో ప్రాసెసర్‌కి 5 వోల్టులా, 3.3 వోల్టులా అన్నది ఒక జంపరు నిర్ణయిస్తుంది. డీఎక్స్2కి 5 కావాలి. 3.3 మాత్రమే తాగే డీఎక్స్4కి 5 ఇస్తే కాలిపోవచ్చు. పద్యంలో పాఠం తప్పితే అర్థం మారుతుంది, ఇక్కడ చిప్ పోతుంది.

డిస్కు మీది లేబుల్ వెలిసిపోయింది. డబ్బా లోపలి గోడకి మాత్రం ఒక చీటీ అంటించి ఉంది, బాల్‌పెన్‌తో: 1010 – 12 – 55. షాపువాళ్ళు ఇది చూసే బయాస్‌లో కొట్టారు. “మిస్సింగ్ ఆపరేటింగ్ సిస్టమ్” అని వచ్చింది. అంటే డిస్కు పోయిందని తేల్చారు.

ఈ మూడంకెలేమిటో కొంచెం చెప్పాలి. అప్పటి బయాస్ డిస్కులో ఏ చోటునైనా సిలిండర్, హెడ్, సెక్టర్ అని మూడు మాటల చిరునామాతో అడుగుతుంది. మొత్తం సిలిండర్లెన్నో, హెడ్లెన్నో, ఒక ట్రాకుకి సెక్టర్లెన్నో ముందే చెప్పాలి. చెప్పింది తప్పైతే ప్రతి చిరునామా పక్కింటికి పోతుంది. ఒక్క మొట్టమొదటి సెక్టర్ మాత్రం ఏ లెక్కలోనైనా మొదటిదే, కాబట్టి అది దొరుకుతుంది. అందులోని ప్రోగ్రాము “రెండో హెడ్ మొదటి సెక్టర్‌కి వెళ్ళు” అంటుంది. ట్రాకుకి 55 అనుకుంటే ఒక చోటికి, 56 అనుకుంటే ఇంకో చోటికి వెళ్తాం. వెళ్ళిన చోట ఏమీ లేదు. తెర మీద వచ్చిన వాక్యానికి అర్థం డిస్కు పోయిందని కాదు, వెతికిన చోట లేదని.

ఈనాటి యూఎస్‌బీ అడాప్టర్లు వరస సంఖ్యతో సెక్టర్లని అడుగుతాయి. అంత పాత డ్రైవుల్లో చాలావాటికి ఆ భాష రాదు. అందుకని బాగా పనిచేస్తున్న ఒక పాత పెంటియం యంత్రానికి దాన్ని తగిలించి, ఏమీ రాయకుండా చదవడం మాత్రమే చేశాను. నువ్వెవరివి అని డ్రైవునే అడిగితే 989 – 15 – 56 అని జవాబిచ్చింది. అయితే అది డ్రైవు పుట్టుకతో చెప్పే మాట. మాస్టారి డిస్కుని సిద్ధం చేసిన రోజున అవే అంకెలు వాడారా అన్నది వేరే ప్రశ్న. దానికి సాక్ష్యం మొదటి సెక్టర్‌లో ఉంది. పార్టిషన్ ఎక్కడ ముగుస్తుందో అందులో రాసి ఉంటుంది. మామూలుగా అది ఒక సిలిండర్ చివర ముగుస్తుంది కాబట్టి, ఆఖరి హెడ్, ఆఖరి సెక్టర్ ఎంతో చూస్తే ఆనాడు వాడిన లెక్క బయటపడుతుంది. అక్కడ హెడ్ 14, సెక్టర్ 56 అని ఉంది. హెడ్లని సున్నా నుంచి లెక్కపెడతారు, అంటే 15. సెక్టర్లని ఒకటి నుంచి, అంటే 56. ఒకరితో ఒకరికి సంబంధం లేని ఇద్దరు సాక్షులు ఒకే మాట చెప్పారు.

మరి చీటీ? మాస్టారి ఫైల్లో రెండు కాగితాలు దొరికాయి. మొదటిది బిల్లు, 340 ఎంబీ డిస్కు. రెండోది, కొన్ని నెలల తరవాత వారంటీలో ఆ డిస్కు మార్చి 420 ఎంబీది ఇచ్చినట్టు రసీదు. 1010, 12, 55లని గుణించి సెక్టర్‌కి 512 బైట్లు వేసి చూడండి, 34 కోట్ల చిల్లర బైట్లొస్తాయి. అది మొదటి డిస్కుది. చీటీ అబద్ధం చెప్పలేదు. తను చూసిన డిస్కు గురించి నిజమే చెప్పింది. ఆ డిస్కు వెళ్ళిపోయి పాతికేళ్ళు దాటింది, అంతే.

ఇంకో తమాషా కూడా చెప్పాలి. ఈ డ్రైవు మందం అంగుళం. అందులో 15 హెడ్లు పట్టవు. పైగా ఆ కాలపు డ్రైవుల్లో బయటి ట్రాకులకి ఎక్కువ సెక్టర్లు, లోపలి ట్రాకులకి తక్కువ. అంతటా 56 అన్నదీ నిజం కాదు. బయాస్‌కి అర్థమయ్యే భాషలో డ్రైవు చెప్పుకునే కల్పిత చిరునామా అది. వాస్తవంగా లోపలున్న హెడ్ల సంఖ్య తెలుసుకుని అది కొడితే యంత్రం నడవదు. 15 అని కొడితేనే నడుస్తుంది. 989ని 15తో, 56తో, 512తో గుణిస్తే 42,53,49,120 బైట్లు. తయారీదారు పది లక్షలకో మెగాబైట్ అని లెక్కేసి 425 అంటాడు, 10,48,576కి ఒకటి అని లెక్కేసే ప్రోగ్రాము 405 అంటుంది. ఇందులో ఎవరూ దొంగలు కారు. నమ్మదగిన వివరం అంటే వాస్తవమే అయి ఉండాలన్న నియమం లేదు, ఏ ప్రశ్నకి జవాబో తెలిసి ఉండాలి. నాకు ఇది ఆ రోజు అంత స్పష్టంగా ఇంకెప్పుడూ తెలియలేదు.

డిస్కు మొత్తాన్ని మొదటి బైటు నుంచి చివరి బైటు దాకా ప్రతి తీసి, దానికి ఇంకో ప్రతి తీసి, అప్పుడు ఫైళ్ళు తెరిచాను. అన్నీ గీతలూ, గళ్ళూ, యూరప్ అక్షరాలూ. మాస్టారు వాడింది పుణె సి-డాక్ వాళ్ళ జిస్ట్ కార్డు. డాస్‌లో భారతీయ లిపులు చూపించేది. అది బోర్డు మీద అలాగే ఉంది గానీ, ఇక దాని అవసరం పడలేదు. ఎందుకంటే దాని కోడ్‌కి మూలగ్రంథం ఉంది. ఇస్కీ అనే ఆ పద్ధతిని భారతీయ ప్రమాణాల సంస్థ 1991లో ఐఎస్ 13194 పేరుతో అచ్చువేసింది. అందులో ‘క’ 179. తెలుగు ‘క’కీ హిందీ ‘క’కీ అదే 179, ఏ లిపిలో చూపించాలో వేరే చెప్పుకోవాలి. యూనికోడ్ వాళ్ళు భారతీయ లిపుల అమరికని ఇస్కీ నుంచే తీసుకున్నారు కాబట్టి, 179ని 3093గా, 164ని 3077గా ఇలా మార్చుకుంటూ పోవడమే. ఎవరో ఒక కమిటీలో కూర్చుని, ఏ అక్షరానికి ఏ అంకె అని స్పష్టంగా రాసి, అచ్చువేసి పెట్టినందువల్ల, కార్డూ కంపెనీ బ్రోషరూ ఏవీ అక్కర్లేకుండా మాస్టారి మాటలు తెర మీదికొచ్చాయి. గెడ, తెడ్డు, చుక్కాని, లాకు, సరంగు. వాళ్ళమ్మాయి కుర్చీ దగ్గరికి లాక్కుని చాలాసేపు చదువుతూ కూర్చుంది.

ఆ పెట్టెకి ఇప్పుడు నేనొక కాగితం రాసి లోపల పెట్టాను. ప్రతి వివరం పక్కనా అది ఎలా తెలిసిందో రాశాను. ప్రాసెసర్: చిప్ మీద చదివింది. బోర్డు కాలం: 1994 మార్చి తరవాత, చిప్‌ల తేదీలని బట్టి. డిస్కు: డ్రైవు జవాబు, పార్టిషన్ పట్టిక రెండూ ఒకటే. గోడ మీది చీటీ: అంతకుముందున్న డిస్కుది, తీసెయ్యకండి. బోర్డు ఎవరు చేశారు: తెలియదు.

మాస్టారి ఫైళ్ళు చదువుతుంటే అర్థమైంది, ఆయన పద్ధతీ అదేనని. ప్రతి మాటకీ అర్థం, ఆ పక్కన ఏ లాకు దగ్గర, ఎంత వయసు మనిషి, ఏ సంవత్సరం చెప్పాడు అని ఉంది. ఇద్దరు రెండు రకాలుగా చెబితే రెండూ ఉన్నాయి. పడవలో ఒక కొయ్యకి దుగ్గిరాల దగ్గర ఎవరో చెప్పిన పేరు ఒకటుంది. ఇంకెక్కడా ఆయనకి అది వినపడినట్టు లేదు. ఆ మాట ఇక్కడ రాయను, ఆయనే తేల్చుకోలేదు కాబట్టి. దాని పక్కన అర్థం ఉండాల్సిన చోట ప్రశ్నార్థకం ఒక్కటే పెట్టారు. ప్రశ్నార్థకం ఇస్కీలోనూ 63, యూనికోడ్‌లోనూ 63. మార్చే పని లేకపోయింది.